వాల్తేరు జ్ఞాపకాలు ఎవరివి?

వాల్తేరు చదువుల మీద పెద్దలు రాసుకున్న జ్ఞాపకాలు వరసపెట్టి చదవండి. 1926లో బెజవాడలో పుట్టి తర్వాత వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, కట్టమంచి రామలింగారెడ్డి, రాధాకృష్ణన్, లైబ్రరీలో అబ్బూరి రామకృష్ణారావు, సాయంత్రం బీచి, కాఫీ, కవిత్వం. ఇవన్నీ నిజమే, కాదనక్కర్లేదు. మరి ఆ హాస్టళ్ళ వరండాలు ఊడ్చిందెవరు? పాయిఖానాలు కడిగిందెవరు? ఉత్తరాంధ్రలో ఆ పని రెల్లివాళ్ళ నెత్తిన పెట్టారు. కాఫీ హోటలు పేరు నలభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తున్న రచయితకి, రోజూ తన గుమ్మం ముందు చీపురు పట్టుకున్న మనిషి పేరు గుర్తుండదు. చూడనిది గుర్తెలా ఉంటుంది?

ఆ కాలం అలాంటిది అని సర్దిచెబుతారు. నేనొప్పుకోను. అదే విశాఖలో రావిశాస్త్రి కోర్టుల్లో, సారా కొట్ల దగ్గర నలిగిపోయే మనుషుల్ని వాళ్ళ మాటతో సహా కథల్లోకి తెచ్చాడు. చూడదల్చుకుంటే కనిపించేవాళ్ళే.

మాది పోర్టు పక్క పేట. మా నాన్న కలాసీ. ఖనిజం ఎర్రధూళి చొక్కానిండా వేసుకొచ్చేవాడు. నేను హాస్టల్లో చేరినప్పుడు మా అమ్మ అడిగిందొకటే: "ఏట్రా, మూడు పూటలా పెడతారేటి?" వాళ్ళ వ్యాసాల్లో కుర్రాళ్ళు ఇంటిమీద బెంగపెట్టుకుంటారు. నేను సెలవులొస్తే మెస్సు మూసేస్తారని బెంగపెట్టుకున్నాను. ఈ బెంగ కూడా సాహిత్యమే. దాని వెనక చరిత్ర ఉంది. 1942లో అంబేద్కర్ వైస్రాయి ప్రభుత్వానికిచ్చిన వినతిపత్రంలో మన పిల్లల పైచదువులకి డబ్బడిగాడు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. మనం తిన్న మెతుకు ఎవరి దయా కాదు.

అయితే మనవాళ్ళ వ్యాసాలతోనూ నాకు పేచీ ఉంది. అవమానం ఒక్కటే రాసి ఆపేస్తున్నాం. ఆ సముద్రాన్ని మనమూ ప్రేమించాం. జాషువా 'గబ్బిలం' చదివి నిద్రపట్టక తెల్లవార్లూ మాట్లాడుకున్నది మనమే. కారంచేడు గురించీ చుండూరు గురించీ సీనియర్ల గదుల్లో కూచుని తెలుసుకున్నదీ మనమే. ఆ సంతోషం, ఆ కోపం రెండూ ఎందుకు వదిలేస్తాం? ఇక మన ఆడపిల్లల హాస్టల్ బతుకు మగవాళ్ళ రాతల్లో ఓ మూలకైనా రాదు. వాళ్ళని మనం చూడకపోతే మనకీ ఆ పెద్దలకీ తేడా ఏమిటి?

నేను సర్కారు బడి పంతుల్ని. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాక, "పెద్ద చదువుకి పంపితే పిల్లోడు తిరిగొస్తాడా బాబూ?" అని ఓ తల్లి నన్నడిగింది. బీచి జ్ఞాపకాలు చదివిన పిల్లవాడు అది తన చోటు కాదనుకుంటాడు. అవమానాలు మాత్రమే చదివినవాడు గుమ్మం దాకా వెళ్ళి భయపడతాడు. అందుకే మిత్రులారా, మొత్తం రాయండి. స్కాలర్‌షిప్ ఎంతొచ్చిందో, ఏ పుస్తకం చదివారో, ఎవరు పక్కన కూచోనిచ్చారో, వరండా ఊడ్చిన అప్ప పేరేమిటో. ఆ తల్లి కొడుక్కి చదవడానికి నేనివ్వగలిగేది అదే.