సింహాసనం మీద కూర్చున్న ఎంపిక

అవును, కాదు అనే రెండు మాటలతో రాజ్యం ఏలవచ్చునా? ఏలవచ్చునంటుంది ‘సార్ట్ ద కోర్ట్’ అనే కంప్యూటర్ ఆట. 2015 డిసెంబరులో లూడమ్ డేర్ అనే ఆటల తయారీ పోటీ కోసం గ్రేమ్ బోర్లాండ్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. రెండే మీటలతో ఆడించడం ఆసారి పోటీకి యిచ్చిన విషయాల్లో ఒకటి. బ్రౌజరులో తెరిచి ఎవరైనా ఆడుకోవచ్చు.

ఆడేవారు రాజు. చదరపు చుక్కలతో కూర్చిన ముద్దులొలికే బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి కొలువులోకి వస్తాయి. సామాన్యుడు వస్తాడు, మంత్రగత్తె వస్తుంది, పిల్లి కూడా వస్తుంది. ప్రతివారికీ ఒక విన్నపం వుంటుంది. మనం అవునంటాం, లేదా కాదంటాం. జనాభా, సంతోషం, బంగారం అనే మూడు అంకెలు పెరుగుతాయి, తరుగుతాయి. అవి తగినంత పెరిగితే కిరీటధారుల మండలిలో మనకు చోటు దొరుకుతుంది. అదే విజయం.

యీ ఆటను గురించి రెండు అభిప్రాయాలు వినవస్తాయి. హాయిగా వుంది, బొమ్మలు ముచ్చటగా వున్నాయి, హాస్యం వుంది అనేది మొదటిది. కాసేపటికే వచ్చినవారే వస్తున్నారు, అవునన్నా కాదన్నా పెద్ద తేడా కనిపించడంలేదు అనేది రెండవది. రెండూ నిజమే. కాని రెండవదాన్ని కేవలం శిల్పలోపంగా భావించి, మరికొన్ని పాత్రలు, మరికొన్ని ముగింపులు చేరిస్తే సరిపోతుందనడం పొరపాటు. లోపం మూలం వస్తువులో వుంది.

మన ఎంపిక ఎందుకు తేలిపోతున్నది? ఎంచుకునేవాడు సింహాసనం మీద వున్నాడు కనుక. దాని ఫలితం అనుభవించేవాడు కొలువు బయట వున్నాడు. ప్రజల సంతోషం మనకు కనబడేది అంకెగా మాత్రమే. ఆ అంకె వెనుక ఎవరి పొలం వుందో, ఎవరి పొయ్యి ఆరిందో మనకు తెలియదు. అడగడం ప్రజలవంతు, యివ్వడం రాజువంతు. తాము కోరింది తామే సాధించుకునే మార్గం ఆ ప్రజలకు లేదు.

దీని పక్కన లూకాస్ పోప్ 2013లో వెలువరించిన ‘పేపర్స్, ప్లీజ్’ను పెట్టి చూడండి. అదీ చదరపు చుక్కల బొమ్మల ఆటే. అక్కడా ముఖ్యమైనవి రెండే ముద్రలు: రానివ్వడం, తిప్పి పంపడం. కాని ముద్ర వేసేవాడు రాజు కాడు. కల్పిత దేశపు సరిహద్దులో మనిషికి యింత చొప్పున కూలి తీసుకునే చిన్న ఉద్యోగి. ఆ కూలితోనే యింటి అద్దె, తిండి, చలికి వెచ్చదనం సమకూర్చుకోవాలి. రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరికలు, మూడవదానినుంచి కోత. ఒకరోజు భర్త సరైన కాగితాలతో లోపలికి వెళతాడు. వెనుకనే వచ్చిన భార్యకు ప్రవేశపత్రం వుండదు. ఆమెను రానిస్తే తప్పు మన లెక్కలో పడుతుంది. ఆ క్షణంలో ఆడేవారి చేయి ఆగుతుంది. మీటలు రెండే అయినా ఎంపికకు బరువు వచ్చింది. జాలికి కూడా ధర కట్టే వ్యవస్థను ఆటగాడు తన చేతితోనే తెలుసుకున్నాడు.

ఆట ఆటే గదా, యింత విచారణ దేనికని కొందరు మిత్రులు అడగవచ్చు. మూడురోజుల పోటీలో పుట్టిన చిన్న ఆటపై అంత బరువు మోపడం న్యాయం కాదనీ అనవచ్చు. ఆ ఆట యిచ్చే ఆనందాన్ని మనం కాదనడంలేదు. దాన్ని చులకన చేయడమూ మన ఉద్దేశం కాదు. కాని మన విద్యార్థులు కథలు చదివినంతసేపూ, అంతకంటె ఎక్కువసేపూ, యిటువంటి ఆటల్లో గడుపుతున్నారు. రాజుగా ఆలోచించడం అలవాటైన మనసుకు ప్రజలు అంకెలుగా కనబడడం కూడా అలవాటవుతుంది.

కనుక ఆటను విమర్శించేటప్పుడు ఎన్ని దారులున్నాయని లెక్కపెట్టి వూరుకోరాదు. ఎంచుకునేవాడు ఎక్కడ నిలబడి ఎంచుకుంటున్నాడు? మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? విసుగెత్తిన ఆటగాడి ఫిర్యాదులో తెలియకుండానే యీ ప్రశ్నలున్నాయి. వాటిని పైకి తీసి చూపడమే విమర్శకుని పని.