వైకుంఠం బొమ్మల్లో ప్రకృతి ఎక్కడుంది?

తోట వైకుంఠం బొమ్మలు చాలావాటిలో చెట్టుండదు, చెరువుండదు, ఆకాశం అసలే ఉండదు. ఖాళీగా వదిలిన నేల మీద నల్లని మేనిఛాయతో ఒక తెలంగాణ పల్లె స్త్రీ, ఆమెకు దగ్గరగా ఒక రాంచిలుక. అంతే. అయినా కాసేపు చూస్తూ నిలబడితే పొలాల నడుమ ఉన్నట్టే ఉంటుంది. మనిషికీ ప్రకృతికీ ఉన్న బంధాన్ని ఇంత పొదుపుగా చెప్పిన చిత్రకారులు మనకు తక్కువ.

ఆయన 1942లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఊరికొచ్చే నాటకాల్లో మగవాళ్లు కట్టే ఆడవేషాలు, ఇంట్లో తల్లి రూపం, ఈ రెండూ ఆయన మనసులో నిలిచిపోయాయి. హైదరాబాద్‌లో చదువయ్యాక బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. జానపద కళలను ఎంతో గౌరవించిన గురువాయన. ఆ శిక్షణ తర్వాత శిష్యుడి చూపు సొంతూరి మీదే నిలిచింది.

ఆయన పనికి పునాది బొగ్గు గీత. తొలినాళ్ల బొమ్మలు ఎక్కువగా బొగ్గుతో వేసినవే. పక్కకు తిరిగిన ఒక ముఖాన్ని దగ్గరగా చూడండి. నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా గీత ఎక్కడా తడబడదు. చెంపకూ మెడకూ మాత్రం నలుపు మెల్లగా ముదురుతూ, పలచబడుతూ పోతుంది. ఎండలో పనిచేసిన ఒంటి నిగనిగ ఆ నలుపులోంచే వస్తుంది. కళ్లు మనవైపు చూడవు. ఆమె తన ఆలోచనలో తానుంటుంది. చిలుక కూడా అంతే నింపాదిగా ఉంటుంది. ఒకరికొకరు కొత్త కాదన్న నమ్మకం ఇద్దరిలోనూ కనిపిస్తుంది.

రంగుల సంగతి ఇంకా ముఖ్యం. కలిపి చేసిన రంగులు మన చుట్టుపక్కల కనిపించవు కాబట్టి అవి తనకు నచ్చవని ఆయనే చెప్పారు. అందుకే బొట్టు నిండు ఎరుపు, చీర కాషాయమో పసుపో. చెట్టు మీద ఉండాల్సిన పచ్చదనం చిలుక రెక్కల్లోకి, రైకలోకి వచ్చి చేరుతుంది. కొప్పులో పూలున్నాయి కనుక తోట వేరే గీయనక్కర్లేదు. నా దృష్టిలో ఆయన సాధించిన గొప్పతనం ఇదే: ప్రకృతిని మనిషి వెనక తెరలా కట్టకుండా ఒంటిమీదికి తెచ్చారు.

గోదావరి దాటి నిర్మల్ వెళితే పద్ధతి మారుతుంది. అక్కడి చిత్రాల్లో నల్లని నేల మీద బంగారు రంగు మెరుస్తుంది. లేళ్లు, లతలు మనుషుల చుట్టూ అల్లుకుంటాయి. అదీ అందమే, కానీ అక్కడ అడవి ఒక అలంకారం. నిర్మల్ కొయ్యబొమ్మల్లో మాత్రం అడవితో అసలు బంధం ఆదిలాబాద్ పొనికి కర్రలో, దాన్ని చెక్కే చేతుల్లో ఉంది.

వైకుంఠానికి పల్లె మీదున్న పట్టు సినిమాలోనూ పనికొచ్చింది: బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988) చిత్రానికి కళా దర్శకుడిగా ఆయన జాతీయ పురస్కారం అందుకున్నారు. పల్లె ఇల్లు, దొరల గడి, వాటిలోని వస్తువులు ఆయనకు అంత క్షుణ్ణంగా తెలుసు.

ఇప్పుడు ఆయన బొమ్మల నకళ్లు హోటళ్ల గోడల మీదా కనిపిస్తున్నాయి. వాటిలో ఎరుపు దిగుతుంది కానీ బొగ్గులోని ఆ ఎక్కువ తక్కువల నలుపు దిగదు. కాబట్టి అసలు బొమ్మ చూసే అవకాశం వస్తే వదలకండి, పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. కరీంనగర్ బడిపిల్లలు తమ జిల్లావాడు గీసిన గీతను నకళ్లలో కాక నేరుగా చూడగలిగే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి.