ఇంకుడు గుంత మేస్త్రీ

ఎండలు ముదిరితే ఎల్బీనగర్ కాలనీల్లో ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు. 2020 అక్టోబరు వానలకేమో సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల ఇళ్లలోకే నీళ్లు. ఈ రెండు కష్టాలకూ ఎంతో కొంత మందు తెలిసినవాడు ఇంకుడు గుంత తవ్వే మేస్త్రీ. ఆయన పనంటే నాకు గొప్ప గౌరవం.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీలో తవ్వుతుంటే పక్కనే నిలబడి చూశాను. మన నేల అడుగంతా గ్రానైటు రాయి; గడ్డపార దిగడమే కష్టం. గుంతలో సగందాకా 40 మి.మీ. కంకర పోశాడు, దానిమీద 20 మి.మీ. కంకర, ఆపైన దొడ్డు ఇసుక. పైన కొంత ఖాళీ వదిలేశాడు, వాన నీళ్లు నిలిచి మెల్లగా దిగాలని. పిడికెడు ఇసుక నా అరచేతిలో పోసి, "సన్నదైతే పూడుకపోతది సార్, ఇట్ల గరుకుగ ఉండాలె" అన్నాడు. డాబా మీది పైపును గుంతలోకి తిప్పి, మూతికి జాలీ బిగించాకే చేతులు కడుక్కున్నాడు.

భూగర్భ జలాలను కాపాడాలని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. దాన్ని మా గల్లీలో నేలమీదికి తెచ్చింది ఈ చేతులే.

మీ ఇంట్లో పాత గుంత ఉంటే, తొలకరికి ముందే పై ఇసుక తీయించి, కడిగించి, మళ్లీ పోయించండి.