అరిగిన గాడి

పాత గ్రామఫోను రికార్డులను వెదకి తెచ్చుకొనువారికి కాలక్రమమున బోధపడు సత్యమొకటి కలదు. అంగడిలో ఏ రికార్డు నల్లగా నిగనిగలాడుచు, ఒక గీతయైనను పడక, నిన్ననే అచ్చునుండి వెలువడినట్లు కానవచ్చునో, దానిని దాని తొలి యజమాని అంతగా మెచ్చలేదనియే తలంపవలెను. ఏది బూడిదవన్నెకు తిరిగి, అంచులు చిట్లి, లేబులుపై అక్షరములు సైతము చెరిగి యుండునో, అది ఏదో యొక యింట పండుగలకును పేరంటములకును మరల మరల పాడి అలసినదన్నమాట. సంగ్రాహకుల విపణిలో మాత్రము మొదటిదానికి వెల హెచ్చు, రెండవదానికి తగ్గు. అనాదరమునకు కట్నమిచ్చి ఆదరమునకు జుల్మానా విధించు ఈ న్యాయము నాకెన్నడును మింగుడుపడలేదు.

అరుగుదలకు మూలము ఆ వస్తువు పుట్టువులోనే యున్నది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఈ పళ్లెములను లక్క రికార్డులని వ్యవహరించినను, అందు లక్క పాలు సాధారణముగా మూడవవంతునకు మించదు. తక్కినదంతయు పలకరాయి, సున్నపురాయి మొదలైనవాని పొడి, నలుపునకై మసి, రవంత నూలుపీచు. ఛోటానాగపురపు అడవులలో మోదుగు, రేగు, కుసుమ వృక్షముల కొమ్మలపై లక్కపురుగులు స్రవించిన జిగురును కరగించి, ఈ పొడులతో మేళవించి, వేడి అచ్చులలో నొత్తి తీసినదే గ్రామఫోను రికార్డు. పాండవులను దహింపదలచి దుర్యోధనుడు కట్టించిన యింటికిని, హైదరాబాదు లాడ్‌బజారులో మగువల ముంజేతికెక్కు గాజులకును, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ పద్యములను మోసిన రికార్డునకును ద్రవ్యమొక్కటే యగుట తలంచుకొన్నప్పుడెల్ల నాకు వినోదముగా నుండును.

ఆ రాతిపొడి వెలతగ్గింపునకు మాత్రమే కలిపినది కాదు. ఉక్కుముల్లు గాడిలో దిగిన వెంటనే, తొలి కొన్ని చుట్లలోనే, ఈ పొడి దాని మొనను అరగదీసి గాడి ఆకృతికి సరిపుచ్చును. నూరు గ్రాములకు పైబడిన సౌండుబాక్సు బరువును ఆ మొనయే మోయవలసి యుండుటచే, మెత్తని ముల్లు తానరిగి రికార్డును కాపాడవలెనన్నది దానిని చేసినవారి సంకల్పము. అయితే మూడు నిమిషముల పాట ముగియునప్పటికి ఆ మొన ఉలివలె అంచులుదేరి యుండును. దానినే రెండవ ప్రక్కకు వాడినచో అది పాటను చదువుటకు మారుగా చెక్కివేయును. కావుననే ప్రక్కకొక ముల్లు చొప్పున వాడుడని ముళ్ల డబ్బాలపై ముద్రించెడివారు. ఆ హితవు విన్న గృహస్థులు మన దేశమున అరుదు. వాడిన ముళ్లను అగ్గిపెట్టెలో దాచి, గడపరాతిపై నూరి, మరల బిగించుట పొదుపరితనముగానే చెల్లినది.

తెలుగువారి రికార్డులు మరింత అరుగుటకు మన నాటకాభిరుచియు కొంత కారణమని నా యూహ. పద్యము నచ్చినచో వన్స్‌మోర్ అని కేకవేయుట మన ప్రేక్షకునకు టిక్కెట్టుతోపాటు సంక్రమించిన హక్కు. రాత్రి తెల్లవార్లు సాగు రంగస్థలమున గాయకుడు రాగమును తన యిచ్చవచ్చినంత విస్తరింపవచ్చును గాని, పదియంగుళముల రికార్డున ప్రక్కకు మూడు నిమిషములకు రవంత పైబడిన కాలమే అతని కబ్బునది. ఆ నిర్బంధమున కళ కుంచించుకొనిపోయినదని వాపోవు విమర్శకులు కలరు, నే నొప్పుకొనను. కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి పద్యములు విన్నప్పుడు, అలంకారమునకు వ్యవధి లేమిచే, తొలి యక్షరముతోనే శ్రోతను వశపరచుకొనవలసిన యక్కర యొక బిగువును సృష్టించినట్లు నాకు తోచును. ఇక ఇంటిలో వన్స్‌మోర్ కోరుటకు కేకలతో పనిలేదు, ముల్లెత్తి మొదట పెట్టిన చాలును. ఆ ముల్లు సహజముగా పాతముల్లే! దీపమునకెదురుగా రికార్డును వంచి చూచినచో, గాయకుడు తారస్థాయి నందుకొనుచోటనే బూడిదవన్నె చుట్టు స్పష్టముగా కానవచ్చును. ధ్వని హెచ్చిన తావున గాడి వంపులు తీవ్రముగా నుండుటచే ముల్లు అక్కడనే మిక్కిలి గీరును. ఏ ఘట్టమునకు సభలు చప్పట్లు చరచెనో ఆ ఘట్టమే ముందుగా నశించినది.

వాయించుట కూడ అభ్యసింపదగిన విద్యయే. 1902 నవంబరులో ధ్వనిముద్రణ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి గాయని గౌహర్‌జాన్ గానమును గ్రహించి, అచ్చు వేయుటకై ఆ మూలములను జర్మనీలోని హానోవరునకు పంపిన కాలమున, వేగమునకు స్థిరమైన ప్రమాణము లేదు. 74 చుట్లతో గ్రహించిన పాటను 78తో తిప్పినచో శ్రుతి సుమారొక స్వరస్థానము పైకెగయును, గంభీరకంఠుడు బాలకుడగును. గ్రామఫోనులో వేగమును సవరించు మర యుండుట అందులకే. హార్మోనియముతో సరిచూచుకొని దానిని తిప్పుకొనువారు కొందరు. నాకు కంఠమునందలి సహజత్వమే గురుతు.

సంరక్షణ విషయమున చెప్పవలసినది స్వల్పము. రికార్డులను నిలువుగా పేర్చవలెను, ఎండ తగులనీయరాదు, లేబులు తడవకుండ చల్లని సబ్బునీటితో కడుగవచ్చును. స్పిరిటు మాత్రము చేరనీయరాదు. లక్క అందు కరగును. వర్తకుడొకడు నా యెదుటనే స్పిరిటు గుడ్డతో ఒక రికార్డును తళతళలాడునట్లు తుడిచి, దాని నోరు శాశ్వతముగా మూసి, ఆపైన వెల పెంచి చెప్పెను.

మద్రాసు మూర్ మార్కెటు ఉన్నంతకాలము ఇట్టి సరకునకు దక్షిణదేశమున అదియే తీర్థము. 1985లో అది అగ్నికాహుతి యైనప్పుడు అందెన్ని పద్యములు లక్కయింటి పాలైనవో లెక్కపెట్టగలవారు లేరు. వి.ఎ.కె. రంగారావుగారి వంటి రసజ్ఞులు వేలకొలది రికార్డులను సేకరించి, విని, వానిని గురించి వ్రాసియుండనిచో మన పాటల చరిత్ర పెక్కుచోట్ల ఊహాగానముగానే మిగిలియుండెడిది. ఈ వాక్యమున విని యన్న మాట నాకు ప్రధానము. బీరువాలో బంధించి లేబులును మాత్రము చూచుకొని మురియువారికి చిత్రితమైన కాగితమే గాని గానము దక్కదు.

అరిగినవానిని వినుటకు ఒక యుపాయము కలదు. ఉక్కుముల్లు గాడి గోడలను ఒకానొక లోతుననే హెచ్చుగా గీరియుండును. దానికి పైనను క్రిందను గోడ కొంత చెక్కుచెదరక మిగిలియుండును. నాలుగైదు గ్రాముల బరువుతో నడచు నేటి విద్యుద్యంత్రమునకు 78 రికార్డుల కొరకు సామాన్యముగా వాడు 65 మైక్రానుల కొనకు మారుగా అంతకంటె వెడల్పైన కొననో, సన్ననిదానినో అమర్చినచో, అది ఆ అరుగని భాగమున నడచును. ఈ విధమున నేను కొన్ని బూడిదవన్నె పళ్లెములకు తిరిగి పలుకు తెప్పించితిని. పాండవోద్యోగపు పద్యమొకటి వెడల్పుకొనతో మొదటి ప్రక్క తారస్థాయిలో కూడ స్ఫుటముగానే పలికెను, శషసలు మాత్రము కొంచెము బుసకొట్టెను. రెండవ ప్రక్క ఆ కొనకు లొంగలేదు. సన్ననిదానికై వ్రాసితిని, ఇంకను రాలేదు.