ఇరుసు ఎంత ఎత్తులో?

అమలాపురంలో మా పెదనాన్నగారు పెరటి వసారాలో చేసిన టేకు ఉయ్యాలను చూసినవాళ్లు ముందు దాని ఊచలను మెచ్చుకుంటారు. తరిమెన పట్టి నున్నగా తీసిన ఊచలు, మెచ్చుకోదగ్గవే. నన్ను కట్టిపడేసింది మాత్రం తొట్టిని రెండు కాళ్ల నడుమ వేలాడదీసిన ఇరుసు, అది ఉన్న ఎత్తు. ఉయ్యాల మంచిచెడ్డలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

దూలానికి గొలుసులతో కట్టే ఉయ్యాలకు ఈ ఎత్తు చిక్కు లేదు. గొలుసు 2 మీటర్లుంటే ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. ఆ నిదానంలోనే నిద్ర ఉంది. కాళ్ల మీద నిలబడే ఉయ్యాలకు అంత పొడవు ఎక్కడిది? ఇరుసును పడకకు బాగా దగ్గరగా పెడితే ఊపు నిదానిస్తుంది గానీ, బిడ్డ కాస్త పక్కకు జరగ్గానే తొట్టి అటు ఒరిగి అలాగే ఉండిపోతుంది. బరువు కేంద్రం రెండున్నర సెంటీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. ఇరుసు ఆ కేంద్రానికి 10 సెంటీమీటర్ల పైన ఉంటే తొట్టి 14 డిగ్రీలు వాలుతుంది; 25 సెంటీమీటర్ల పైన ఉంటే 6 డిగ్రీలు దాటదు. వాలిన పడకలో పసిబిడ్డ దొర్లి ముఖం పక్కలకు ఆనించుకుంటే ఊపిరికే ముప్పు. అమెరికాలో ఇలాంటి ఉయ్యాల ఊపు ఆగాక 7 డిగ్రీలకు మించి వాలి ఉండకూడదని నియమం ఉంది.

పెదనాన్నగారు ఈ లెక్కలేవీ వేయలేదు. ఒక పాత చెక్కకు వరసగా బెజ్జాలు కొట్టి, తొట్టిలో బియ్యం మూటను పడుకోబెట్టి, దాన్ని పక్కకు జరుపుతూ ఇరుసును ఒక్కో బెజ్జానికీ మార్చి చూశారు. తొట్టి ఎక్కడ బుద్ధిగా నిలబడిందో ఆ ఎత్తునే అసలు కాళ్ల మీదికి ఎక్కించారు. పరుపు మందం పెరిగితే బిడ్డ పైకొచ్చి ఇరుసుకు దగ్గరవుతుంది కనుక, పరుపును కూడా ఆయనే కొలతిచ్చి పలచగా, గట్టిగా కుట్టించారు. చేతిపనిలో ఇంతటి ఆలోచన కనిపించినప్పుడు నాకు గౌరవంతో తల వంగుతుంది.

చెక్క పడగొట్టిన ఇంటి ద్వారబంధాలది. చేవ ఉన్న టేకు, ఏళ్ల తరబడి ఆరింది. కోనసీమ వానాకాలపు చెమ్మకు వంకర తిరిగే భయం తక్కువ. ఊచల మధ్య ఖాళీ 5 సెంటీమీటర్లు. 6 దాటితే పసివాడి ఒళ్లు జారి తల ఇరుక్కోవచ్చు. పై పట్టీని, కింది పట్టీని పక్కపక్కన జోడించి రెండింటి మీదా ఒకే గీత గీశారు. అందుకే ఏ ఊచా ఒక వెంట్రుకవాసి కూడా పక్కకు వాలలేదు.

మూలల్లో కీళ్లు చూడాలి. ఇనుప మేకు ఒక్కటి లేదు. కుసిని బెజ్జంలో దించి, అడ్డంగా వెదురు చీల కొట్టారు. కుసిలోని చీల కన్నాన్ని నిలువు చెక్కలోని కన్నానికి సరిగ్గా ఎదురుగా కాక, ఒక్క మిల్లీమీటరు ఎడంగా, కుసి మొదలుండే భుజం వైపు పెట్టారు. చీల దిగుతున్నకొద్దీ కుసిని తనంత తానే లోపలికి లాగి బిగిస్తుంది. ఎప్పటికైనా జిగురు వదిలేసినా ఆ కీలు వదలదు. ఆ ఒక్క మిల్లీమీటరులో ఉంది పనితనమంతా. మరీ ఎక్కువైతే కుసి చీలిపోవచ్చు, మరీ తక్కువైతే పట్టు చాలదు.

అడుగు పలకలు బిగించలేదు, గాడిలో సందులు విడిచి పరిచారు. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటుండాలి. ఇంకో సుఖం, పసివాళ్లున్న ఇంట్లో అన్నిటికన్నా పనికొచ్చేది: పలకలు తడిస్తే తీసి ఎండలో పెట్టుకోవచ్చు.

ఉప్పుకాగితం పట్టాక చెక్కంతా తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చారు. తడికి లేచిన నారను మళ్లీ రుద్దారు. ఈ పని ముందే చేయకపోతే మొదటి తడిగుడ్డకే పక్కలు గరుకెక్కుతాయి. తర్వాత దూది ఉండతో అంచులన్నీ నిమిరారు. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పేడు ఉన్నట్టు. పళ్లొచ్చే పిల్లలు చెక్కను కొరుకుతారని రంగులేవీ వేయక, పచ్చి అవిసె నూనెను పలచగా పూసి, వారాల తరబడి ఆరబెట్టారు. ఆ నూనె గుడ్డలను మాత్రం కుప్పగా వదలక విప్పి ఆరేశారు. కుప్పలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే గుణం ఆ నూనెకుంది.

బిడ్డ నిద్రపోయాక తొట్టి కదలకుండా కాలికి గుచ్చే చీల ఒకటి, దారంతో వేలాడుతూ ఉంటుంది. చేతుల మీద లేవబోయే వయసు రాగానే ఉయ్యాల మానిపించాలి కనుక, కాళ్లను కలిపే అడ్డకర్రను కోసుగా చెక్కిన చీలలతోనే నిలిపారు. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే చీలలు ఊడి వస్తాయి. కాళ్లు, తొట్టి, పలకలు విడివిడిగా అటక మీద సర్దేయొచ్చు.