వంకరపోని అంచు

బోన్సాయ్ కుండీ మంచిదో కాదో తెలియాలంటే బోర్లించి చూడాలి. పైనుంచి చూస్తే రంగు, మెరుపు కంటిని లాగేసుకుంటాయి. పనితనం మాత్రం అడుగున ఉంటుంది. నీరు పోవడానికి పెద్ద చిల్లులు, తీగ దూర్చడానికి సన్న చిల్లులు, మూలమూలనా పొట్టి కాళ్లు. నీటి చిల్లు చుట్టూ లోపలివైపు మట్టి గట్టులా ఉబ్బి ఉంటే నీళ్లు దాని వెనకే నిలిచిపోయి వేళ్లు కుళ్లుతాయి. తెలిసిన చెయ్యి ఆ గట్టును తడి స్పాంజితో తుడిచి, నీరు జారిపోయేలా వాలు చేసి ఉంచుతుంది. సన్న చిల్లుల పని వేరు. లోతులేని కుండీలో చెట్టు దానంతటది నిలబడలేదు. కొత్త వేళ్లు పట్టు దొరకబుచ్చుకునేదాకా వేళ్లముద్దను తీగతో అడుక్కి కట్టి ఉంచాలి.

గుండ్రటి కుండీకి సారె సాయం చేస్తుంది. నలుచదరపు కుండీకి అలాంటి సాయమేదీ లేదు. అందుకే ఇంట్లో కూర్చుని పలకలతో చేసిన కుండీ నాలుగు అంచులూ తిన్నగా ఉంటే నాకు అంత గౌరవం. మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. స్టోన్‌వేర్ మట్టయితే రెండూ కలిపి సుమారు 10 నుంచి 12 శాతం. 30 సెంటీమీటర్ల కుండీ కావాలంటే 34 సెంటీమీటర్ల దాకా కొయ్యాలి. అంతా ఒకేసారి తగ్గితే బాధ లేదు. కానీ గాలి తగిలే అంచు ముందు ఆరుతుంది, బల్లకు ఆనిన అడుగు చివరికి ఆరుతుంది. ఆ తేడాకే పొడుగు గోడ నడుము దగ్గర వంగిపోతుంది.

దీన్ని గెలిచే పని పలక దగ్గరే మొదలవుతుంది. ఒకే మందం ఉన్న రెండు చెక్కపట్టీల మధ్య మట్టిని పెట్టి వాటి మీద అప్పడాల కర్ర దొర్లిస్తారు. పట్టీలు ఎంత మందమో పలకా అంతే. మధ్యమధ్య తిరగేసి, దిక్కు మార్చి ఒత్తుతారు. పలకను చేత్తో ఎత్తి వంచితే, మళ్లీ చదును చేసినా సరే, ఆ వంపు బట్టీలో తిరిగి బయటపడుతుంది. అందుకని కింద పరిచిన గుడ్డతో సహా జరుపుతారు.

గోరుకు గీత పడుతూనే వేలికి లొంగనంత ఆరాక కోస్తారు. అతికే రెండు ముఖాలనూ ఫోర్కుతో అడ్డదిడ్డంగా గీకి, అదే మట్టిని నీళ్లలో కలిపిన గుజ్జు రాసి, అది పక్కలకు ఉబికేదాకా నొక్కుతారు. తర్వాత లోపలి మూలలో సన్నటి మట్టి తాడు పెట్టి వేలితో రెండు గోడల మీదకీ సాగదీస్తారు. చెట్టు నాటాక దాన్ని ఎవరూ చూడరు. మూల విచ్చకుండా పట్టి ఉంచేది మాత్రం అదే. ఆ తర్వాత ప్లాస్టిక్ కవరు కప్పి, రోజూ కాస్త తెరుస్తూ మెల్లగా ఆరనిస్తారు. నా లెక్కన కుండీ తయారీలో అసలు నేర్పు ఈ ఓపికే.

చిన్న ఎలక్ట్రిక్ బట్టీలో మొదటి కాల్పు 1000 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో. దారిలో 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఉన్నట్టుండి పరిమాణం మారుతుంది, అక్కడ తొందరపడితే బీటలే. పూత వేశాక రెండో కాల్పు 1200 దాటుతుంది. లోపలికి పూత వెయ్యరు, గరుకు గోడే వేళ్లకు మంచిది. మన కుమ్మరి కుండ గొప్పదనం నీరు చెమర్చడంలో ఉంది. ఈ కుండీకి అదే దోషం. జపాన్‌లోనూ యూరప్‌లోనూ చలిని తట్టుకునే బోన్సాయ్ చెట్లు చాలావరకు చలికాలంలోనూ ఆరుబయటే ఉంటాయి. గోడలో ఇంకిన నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి కుండీని చీల్చేస్తుంది. అందుకే నీరు దూరనంత గట్టిగా కాల్చాలి.

ఈ కుండీలకు పేరుమోసిన ఊరు జపాన్‌లోని టోకోనామె. అక్కడి పూతలేని ఎర్రమట్టి కుండీల్లో పైన్, జునిపర్ చెట్లు ఎంత హుందాగా ఉంటాయో! పూలచెట్లకు, ఆకురాల్చే చెట్లకు రంగు పూత నప్పుతుంది. కుండీ పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు, లోతు మొదలు మందమంత ఉండాలని వాడుకలో ఉన్న కొలత. బజారు కుండీ కొంటే అది దొరికిన సైజుకు చెట్టును సర్దాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు చెట్టు పక్కన స్కేలు పెట్టి, దాని మొదలు కొలిచి, ఆ ఒక్క చెట్టు కోసమే పలక కోస్తారు.