ఎర్రపండుకు ఎక్కువ ధర

జీడి సీజను మొదలైతే జలంత్రకోట నుంచి టెక్కలి దాకా మా ఉద్దానం రైతు నోట ఒకటే మాట: బస్తా ఎంత పలుకుతోంది? 80 కిలోల పిక్కల బస్తా అది. ధర మాత్రం వ్యాపారి చెప్పాలి. అందుకే మన్యంలో అరకు కాఫీ రైతులు చేసిన పని ఇక్కడివాళ్లకు వివరంగా చెప్పాలనిపిస్తుంది.

మన్యానికి కాఫీ కొత్త కాదు. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వాళ్లు గోదావరి మన్యంలో నాటించారు. తర్వాత అరకు, చింతపల్లి వైపు పాకింది. అటవీశాఖ తోటలు వేసింది, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ గిరిజన కుటుంబాలకు మొక్కలిచ్చింది. ఒక్కో ఇంటికి ఎకరమో రెండెకరాలో వచ్చాయి గానీ లాభం రాలేదు. పచ్చివీ పండినవీ కలిపి దూసి, నేలమీద ఎండబోసి, షావుకారు చెప్పిన రేటుకు ఇచ్చేయడమే.

2007లో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో అరకు చిన్న, సన్నకారు గిరిజన రైతులు సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. సర్కారు వాటా, పెత్తనం లేకుండా రైతులే సంఘం నడుపుకునే వీలు కల్పించిన 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దీనికి ఆధారం.

అసలు మర్మం కోతలో ఉంది. అరబికా కొమ్మ మీద పండ్లన్నీ ఒకేసారి పండవు. ఒకే గుత్తిలో ఎర్రదాని పక్కనే పచ్చికాయ ఉంటుంది. గుత్తంతా దూసేస్తే పని త్వరగా తెముల్తుంది, కానీ పచ్చికాయ వగరు కప్పులో దాగదు. ఎర్రవి మాత్రమే ఏరాలంటే నవంబరు నుంచి జనవరి దాకా అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. కోసిన పండు తొక్క ఆ రోజే తీయించాలి. ముందు నీళ్లలో వేస్తే తాలువి పైకి తేలతాయి, వాటిని తీసేస్తారు. మిషను తొక్క ఒలిచాక గింజ చుట్టూ జిగురు మిగులుతుంది. తొట్టిలో సుమారు ఒక రోజు, చలి ఎక్కువైతే ఇంకొంతసేపు పులియనిస్తారు. గడియారం కంటే చెయ్యే ఇక్కడ నమ్మకమైన కొలత: పిడికిట్లో రుద్దితే జారుడు పోయి గులకరాళ్లలా గరగరమనాలి. అప్పుడు కడిగి, నేలకు తగలకుండా వలమంచెల మీద పలచగా పరిచి, తిరగేస్తూ, పగిలినవీ నల్లబడినవీ ఏరేస్తూ ఎండబెడతారు. ఇంత చేస్తే ఆరు కిలోల పండ్లకు కిలో గింజలు దక్కుతాయి.

ఎకరం రైతు మిషను, తొట్టి, నీళ్లు, మంచెలు ఒక్కడే ఎక్కడ తెస్తాడు? అందుకే సంఘం కావాలి. పండ్లు ఒకచోటికి చేరతాయి, లాట్లు విడివిడిగా ఉంటాయి, రుచి చూసేవాళ్లు వందకు మార్కులు వేస్తారు. 80 లేదా అంతకు పైన వస్తేనే స్పెషాల్టీ కాఫీ.

2017లో పారిస్‌లో ఈ కాఫీ అమ్మే ‘అరకు’ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్ పేరు విని మురిసిపోతాం, తప్పులేదు. నాకు మాత్రం అంతకంటే పెద్ద సంగతి, ఎర్రపండు ఏరినవాడి కష్టానికి వేరే ధర కట్టడం. ఇంకో మేలు కూడా ఉంది. కాఫీకి నీడ కావాలి. సిల్వర్ ఓక్ మీద మిరియాల పాదు పాకితే మరో ఆదాయం, పైన పనస, మామిడి. పోడు కోసం కొట్టేసిన కొండల మీద మళ్లీ చెట్టు నిలిచింది.

మన దగ్గర 2018 తిత్లీ తుపానుకు జీడితోటలు కూలిపోయాయి. తిరిగి నాటిన రైతు మళ్లీ పాత బేరానికే పోతే ఎలా? పలాసలో పిక్క ఉడికించడం, పప్పు పగలకుండా ఒలవడం తెలిసిన ఆడవాళ్ల చేతులు ఎన్నో ఉన్నాయి. ఆ పనితనం రైతు సంఘంతో కలవాలి. ఒక్క పంచాయతీ రైతులైనా చేరి, పిక్కలు బాగా ఆరబెట్టి, సైజువారీగా వేరుచేసి, సొంతంగా పప్పు తీయించి అమ్మండి. వచ్చే సీజనుకే మొదలుపెట్టండి.